ఆకు వేడి, మనిషి వేడి

నేను ఒక ఉష్ణమాపకాన్ని. మీ మందుల డబ్బాలో పడుకునే సుకుమారపు రకం కాదు లెండి. మూరెడు చెక్కకు బిగించిన గాజుగొట్టాన్ని, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మేకుకు వేలాడి బతికినదాన్ని. ఎక్కడో కర్మాగారంలో నిప్పు మీద ఊది నన్ను తయారుచేశారు. దుకాణంలో రెండేళ్ళు దుమ్ము తిన్నాక కందుకూరు దగ్గర మాలకొండయ్య మేస్త్రి చేతిలో పడ్డాను.

పచ్చాకును వేడికి ఆరబెట్టి బంగారు రంగు తేవడంలో ఆయన దిట్ట. గంటకోసారి అద్దాల కిటికీలోంచి నన్ను చూసేవాడు. నూట ఐదు ఫారెన్‌హీట్ డిగ్రీలకు ఆకులో పచ్చదనం చచ్చి పసుపు తిరుగుతుందనీ, నూట అరవైకి ఈనె ఎండుతుందనీ ఆయనకు కంఠతా వచ్చు. ఆకుకు ఇంత మర్యాద! ఎండాక దాన్ని బ్యారన్‌లోంచి దింపే మనుషులకు ఎంత వేడెక్కిందో మాత్రం ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు కోసిన పచ్చాకు బయట వాడిపోతోంది. బ్యారన్ ఇంకా చల్లారలేదు. నేను నూట పద్దెనిమిది చూపిస్తూనే ఉన్నాను. అయినా తొందరకొద్దీ మేస్త్రి లోపలి ఎండాకు దింపించడం మొదలుపెట్టాడు. ఆకు కర్రలు వేలాడే పైవరసకు ఎక్కింది ఆయన భార్య అంకమ్మే. మధ్యాహ్నానికి ఆమెకు చెమట ఆగిపోయింది. పిచ్చిది, హమ్మయ్య అనుకుంది. కాసేపటికి పొంతన లేని మాటలు మొదలయ్యాయి. కిందికి దిగుతూనే కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చర్మం పొడిగా ఉంది.

బయట నీడకు మోసుకొచ్చారు. అటుగా వచ్చిన ఆశా కార్యకర్త సువార్త నీళ్ళబిందె ఎత్తబోతే మేస్త్రి అడ్డుపడ్డాడు.

"నీళ్ళు పోయబాక! ఒక్కసారే చల్లారిస్తే ఆకే పాడయిద్ది, మనిషి ఆగుద్దా? నిదానంగా దించాల."

"ఆమె ఆకు కాదు బాబాయ్! ఇది వడదెబ్బ. లోపల మెదడు ఉడికిపోతంది!"

ఆయన బిందె వదల్లేదు. సువార్త పరుగున వచ్చి నన్ను మేకు మీంచి లాగింది. నీళ్ళలో ముంచి, తుడిచి, అంకమ్మ చంకలో పెట్టింది. అంతమంది మధ్య సిగ్గేసింది గానీ, నా పని నేను చేశాను.

"నువ్వే చూడు. ఎంతుంది?"

మేస్త్రి వంగి చూశాడు. నూట ఆరు. ఆ అంకెకు ఆకు ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పాలా? "ఓరి దేవుడో, పసుపు తిరిగే వేడే!" అని కేకపెట్టి, బిందెడు నీళ్ళూ తానే ఆమె మీద కుమ్మరించాడు. తడి గోనెలు కప్పారు, తాటాకులతో విసిరారు. నేను చంకలోనే ఉన్నాను. నూట ఐదు... నూట నాలుగు... నూట రెండు. అమ్మయ్య! నా జన్మలో వేడి దిగుతుంటే అంత సంబరపడింది ఆ ఒక్కసారే. అంబులెన్సు వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచింది.

ఆ కంగారులో మేస్త్రి నన్ను చంకలో ఇరికించుకునే ఆసుపత్రికి వచ్చాడు. సాయంత్రానికి అంకమ్మకు మాట తేటపడింది.

"నన్ను గూడా ఆకే అనుకున్నావంటగా?" అంది నీరసంగా నవ్వుతూ.

మేస్త్రి తల దించుకున్నాడు. "ఆకనుకున్నా బాగుండేదే. గంటకోసారన్నా చూసుకునేవాణ్ణి."

అంకమ్మ తన చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆమె అరచేతికి మళ్ళీ చెమట పట్టింది.