వేడిగాలికి ఆరిన గుడ్డలు

"దీని ముందు ఏదైనా అడ్డం పెట్టారా అమ్మా?" అని మేస్త్రి అడిగినప్పుడు కోడలు పిల్లవాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. ఆ మార్చుకునేంత సేపట్లో నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు.

"లేదండీ," అంది.

బాల్కనీ మూలన ఇనుప స్టాండు మీదున్న ఏసీ బయటి పెట్టెను విప్పి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడాయన. అరవై దాటిన మనిషి. ఆ భవనంలో అందరూ ఆయన్ని అరచేతి మేస్త్రి అంటారు. సంచిలో ఏ మీటరు ఉన్నా సరే, ముందు పెట్టెకెదురుగా అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, తగిలే వేడిగాలిని బట్టి లోపలి సంగతంతా చెప్పేస్తాడు. గ్యాసు తగ్గిందనీ, కాయిల్‌కి దుమ్ము పట్టిందనీ, ఫ్యాను నీరసంగా తిరుగుతోందనీ. ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదట.

"కంప్రెసర్ మాడిపోయింది అక్కయ్యా," అన్నాడు అత్తగారి వైపు తిరిగి.

"అదొక్కటే మార్చేస్తే పోలా?"

"మార్చొచ్చు. కొత్తదాని ధరలో సగం దానికే అవుతుంది. ఇది చూస్తే తొమ్మిదేళ్ళ పెట్టె. దీనికి పట్టే గ్యాసు దొరకడమే గగనమైపోయింది. ఇవాళ ఇది మారిస్తే రేపు ఇంకోటి పోతుంది. నా మాట విని కొత్తదే వేయించుకోండి. పెట్టె ముప్పై ఎనిమిది వేలు. రాగి గొట్టం, స్టాండు, వైరు, బిగింపు అన్నీ కలిపి ఇంకో ఎనిమిది."

"నలభై ఆరా!" అత్తగారు అక్కడున్న బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది. "మేస్త్రీ, నువ్వు సర్వీసు చేసి వెళ్ళి పన్నెండు రోజులు. అప్పటిదాకా శుభ్రంగా నడిచిందే! నువ్వు ముట్టుకున్నావు, అది పోయింది."

"అందుకే అడిగాను, ఏదైనా అడ్డం..."

"ఏం పెడతాం? మా కోడలు ఇల్లు అద్దంలా ఉంచుతుంది. నువ్వే చూడు, ఈ బాల్కనీలో పుల్ల ఉందా?"

పుల్ల లేదు నిజమే. ఆ పొద్దున్నే కోడలు అన్నీ తీసేసింది కనక లేదు. కిటికీ ఊచ నుంచి నీళ్ళ గొట్టం దాకా కట్టిన నైలాను తాడూ, పాతిక క్లిప్పులూ, పిల్లవాడి బొంతా మంచం కిందికి చేరాయి.

జరిగింది ఇదీ. వాన పడుతున్నా ఉక్క పోని రోజులు. పిల్లవాడికి ఎనిమిదో నెల. ఒళ్ళంతా చెమటకాయలు. చల్లగా ఉంచమన్నాడు డాక్టరు. దుకాణంలో దొరికే డైపర్లు వాడితే తొడలు ఎర్రగా కందిపోతున్నాయి. అందుకని మెత్తని పాత గుడ్డలే. రోజుకు ఇరవై తడిపేవాడు. ఇంట్లో తాడు కట్టినచోటల్లా గుడ్డలే, ఒక్కటీ ఆరేది కాదు. తడి గుడ్డ వేస్తే పిల్లవాడికి జలుబు చేస్తుందేమో, జలుబు ఛాతీకి దిగుతుందేమో అని ఆమెకు ఒకటే గుబులు. ఒకరోజు బాల్కనీలో నిలబడితే బయటి పెట్టె లోంచి వేడిగాలి కాళ్ళకు కొట్టింది. ఒక గుడ్డ పట్టి చూసింది. పావుగంటలో కరకరలాడుతూ ఆరిపోయింది.

ఆ రోజు ఆమె సంబరం చూడాలి! ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు గానీ నా బుర్ర బాగానే పనిచేస్తుందే అనుకుంది. ముందు తాడు కట్టింది. గాలికి గుడ్డలు ఎగురుతున్నాయని తర్వాత పెట్టె జాలీకే వరసగా క్లిప్పులు పెట్టేసింది. వారం గడిచింది. ఆఖరి రోజు పిల్లవాడు బొంత మొత్తం తడిపాడు. దాన్ని మడతపెట్టి పెట్టె మీంచి ముందుకు కప్పేసి, వాణ్ణి నిద్రపుచ్చుతూ తనూ నిద్రపోయింది. ఏదో మూలిగినట్టు చప్పుడైతే మెలకువ వచ్చింది. పరిగెత్తి బొంత లాగితే చేతులు కాలాయి. కమిలిన వాసన. పెట్టె ఆగిపోయింది.

"దానంతటదే ఆగిపోయింది అత్తయ్యా," అని చెప్పింది. అది మొదటి అబద్ధం. ఇప్పుడు "లేదండీ" రెండోది.

మేస్త్రి చాలాసేపు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. "ఏమో అక్కయ్యా. ఆ రోజు గాలి బాగానే తగిలిందనిపించింది. గ్యాసు ఎక్కువ పట్టించానో ఏమో. వయసైపోయింది, చెయ్యి మొద్దుబారిందేమో," అన్నాడు. సంచి దగ్గరకు లాక్కుంటూ, "గొట్టం డబ్బులు నేను పెట్టుకుంటాను. బిగింపుకి ఏమీ ఇవ్వొద్దు," అన్నాడు.

కోడలు చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా. అంతలో అత్తగారు, "ఆ మాత్రం న్యాయం ఉండాలి మరి," అనేసింది. తెరిచిన నోటితో కోడలు "టీ తాగుతారా బాబాయిగారూ" అని అడిగింది. తన గొంతు తనకే అసహ్యమేసింది.

మిగతా డబ్బులో పదిహేను వేలు అత్తగారివి. రెండేళ్ళ నుంచి మిషను మీద దిండు గలీబులు కుట్టి దాచుకున్నవి, పళ్ళ సెట్టు కోసం. దవడ కొలతలు కూడా ఇచ్చి వచ్చింది. కొడుకు సరుకుల వ్యాను నడుపుతాడు. తక్కినది వాయిదాల మీద కడతానన్నాడు, కానీ అమ్మ డబ్బు ముట్టుకోనన్నాడు.

"పట్టుకెళ్ళరా," అంది అత్తగారు. "చల్లగాలిని నమలక్కర్లేదుగా! పళ్ళు వచ్చే ఏడు పెట్టించుకుంటా. అప్పటికి నా మనవడికీ వస్తాయి, ఇద్దరం కలిసి మరమరాలు తింటాం."

కొడుకు నవ్వాడు. కోడలు వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

అత్తగారు మాట దాచుకునే మనిషి కాదు. లిఫ్టులో కనబడ్డవాళ్ళకూ, మెట్ల మీద ఎదురైనవాళ్ళకూ చెప్పింది. మేస్త్రి చేతిలో పస పోయిందనీ, ఆయన చెయ్యి పెట్టాకే తమ ఏసీ మాడిందనీ. ఆయనే ఒప్పుకున్నాడనీ. అందులో అబద్ధం ఏముంది? ఆయన ఒప్పుకున్నాడు కదా. మూడో అంతస్తు టీచరమ్మ ఆ నెలలో మూడు ఏసీలు సర్వీసు చేయించాల్సింది. వేరే మనిషిని పిలిపించుకుంది.

కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులూ కోడలు పిల్లవాడికి విసనకర్రతో విసురుతూనే ఉంది. చెయ్యి పీకుతున్నా ఆపలేదు. చెప్తే ఏమవుతుంది? అత్తగారు తిడుతుంది. తిట్టనీ. మొగుడు వారం రోజులు మాట్లాడడు. మాట్లాడకపోనీ. అవి కాదు ఆమె భయం. ఇల్లు అద్దంలా ఉంచుతుందన్న ఆ ముఖం, రేపటి నుంచి తన వంక ఎలా చూస్తుందో అని.

అయిదో రోజు పొద్దున కొత్త పెట్టె వచ్చింది. మేస్త్రి ఒక్కడే మోసుకొచ్చాడు. గొట్టాలు వంచి, కలిపి, పంపు పెట్టి గాలి లాగేసి, వాల్వులు తెరిచాడు. ఏసీ వేశాడు. కొత్త ఫ్యాను సన్నగా తిరిగింది, బయటకు వేడిగాలి మొదలైంది.

కోడలు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది, ఆయన ఇప్పుడు చెయ్యి పెడతాడని. పెట్టలేదు. సంచిలోంచి గ్యాసు ఒత్తిడి చూసే గేజీ తీసి బిగించాడు.

"అమ్మా, కాస్త చూసి చెప్పు. ముల్లు ఎక్కడుంది?"

"నూట ముప్పై దగ్గర బాబాయిగారూ."

"ఇంకోసారి చూడు తల్లీ."

"నూట ముప్పయ్యే."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. రాసింది చూసుకుని, "ఇంకొక్కసారి," అన్నాడు. చిన్నపిల్లల్ని లెక్క మళ్ళీ చేయమన్నట్టు కాదు, చీకట్లో చెయ్యి పట్టుకోమన్నట్టు అడిగాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ చెయ్యి పెట్టవా?" అంది లోపలి నుంచి అత్తగారు. ఎగతాళికే అంది, పాపం ఆవిడకేం తెలుసు.

"దాన్నింక నమ్మను అక్కయ్యా. ఇదే ఆఖరి బిగింపు. మా అల్లుడి కొట్లో కూర్చుని బిల్లులు రాసుకుంటా. రేపు ఇంకొకరి ఇల్లు మాడిస్తే ఆ పాపం ఎవడు మోస్తాడు?"

కోడలు పిల్లవాణ్ణి అత్తగారి ఒళ్ళో పడేసినట్టే ఇచ్చి స్నానాలగదిలోకి వెళ్ళింది. బకెట్లో నానుతున్న గుడ్డలు పిండకుండానే తెచ్చింది. మంచం కింద నుంచి క్లిప్పులూ బొంతా లాగింది. నీళ్ళు కారుతుండగా బాల్కనీలోకి వచ్చి, కొత్త పెట్టె జాలీకి ఒక్కొక్క గుడ్డా వరసగా తగిలించింది. వాటి మీద బొంత కప్పింది.

"అరె, అరె! ఏంటమ్మా ఇది? తియ్యి, కొత్తది!"

"ఇప్పుడు చెయ్యి పెట్టి చూడండి బాబాయిగారూ."

"ముందు తియ్యమ్మా!"

"ఒక్కసారి పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన అరచెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళలోనే ఆయనకు సంగతి అర్థం కావడం ఆమె చూసింది. బొంతనీ గుడ్డల్నీ ఒక్క గుంజు గుంజి లాగేసి, మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి తీయడానికి చాలాసేపు పట్టింది.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"వారం. మీరు సర్వీసు చేసి వెళ్ళిన నాలుగో రోజు నుంచి. ఆఖరి రోజు బొంత కప్పి నిద్రపోయాను."

"అడిగాను గదమ్మా," అన్నాడాయన. అరవలేదు. "మొట్టమొదట అదే అడిగాను. అప్పుడొక్క ముక్క చెప్తే ఏం పోయేది? నాలుగు రోజులు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా ఈ చేతినే చూసుకున్నాను."

అరిచి ఉంటే బాగుండేది. కోడలు తల దించుకుని, పాదాల దగ్గర పడ్డ నీళ్ళు మోరీ వైపు పాకడం చూస్తూ నిలబడింది.

గుమ్మంలో అత్తగారు. మనవడు ఆవిడ చెవి రింగు పట్టుకుని లాగుతున్నా చూసుకోవడం లేదు. "ఆ గుడ్డలన్నీ మడతపెట్టింది నేనే," అంది మెల్లగా. "ఇంత ముసురులో పిల్లవాడి గుడ్డలు కరకరలాడుతున్నాయేంటని ఒక్కరోజు అడగలేదే! పైగా నా కోడలి చెయ్యి మంచిదని మురిసిపోయాను." అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు గొంతు పెంచింది. "నా పళ్ళు పిల్లా! ఆ గుడ్డలతో పాటు నా పళ్ళు కూడా ఆరేశావు గదే!"

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. అత్తగారికే ముందు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి, గొట్టానికీ బిగింపుకీ డబ్బు తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. ఆయన వద్దనలేదు. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, సంచి సర్దుకున్నాడు.

"వస్తానమ్మా," అని, గుమ్మం దాటబోతూ ఆగాడు. "నాకు చెప్పావు, బాగానే ఉంది. టీచరమ్మకి ఎవరు చెప్తారు?"

ఈ భవనంలో కోడలు తప్పించుకు తిరిగేది ఆ ఒక్క మనిషినే. పెళ్ళై వచ్చిన కొత్తలో, పదో తరగతి పరీక్ష కట్టించి చదువు చెప్తానంది ఆవిడ. కోడలు రేపు, ఎల్లుండి అంటూ దాటేసి, ఆవిడ కనబడితే లిఫ్టు వదిలి మెట్లెక్కేది. ఇప్పుడా గుమ్మం ముందు నిలబడి, బుర్ర తక్కువ పని నాదేనని ఎలా చెప్పడం?

"నేను చెప్పొస్తాలే, నేనే కదా ఊరంతా చాటింది," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"వద్దత్తయ్యా." పిల్లవాణ్ణి తీసుకుంది. వాడి పిడికిట్లో ఒక క్లిప్పు ఇరుక్కుని ఉంది, లాగితే ఇవ్వలేదు.

ముగ్గురూ మెట్లు దిగారు. అత్తగారు ఒక మెట్టు పైన, మేస్త్రి ఒక మెట్టు కింద ఆగారు. కోడలు బెల్లు నొక్కింది. టీచరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ తలుపు తీసింది.

"మా ఏసీ... బాబాయిగారి తప్పు కాదండీ," అంది కోడలు.

"వినబడలేదమ్మా. గట్టిగా చెప్పు."

ఎదురింటి తలుపు కూడా ఓరగా తెరుచుకుంది. పై అంతస్తులో ఎవరో చెప్పులేసుకుంటున్న చప్పుడు. కోడలు పిల్లవాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకోబోయి, మార్చుకోలేదు.

"ఏసీ మాడ్చింది నేనండీ," అంది, మెట్లన్నీ వినేలా. "దాని మీద గుడ్డలు ఆరేసింది నేను."