శోభ దుకాణంలో అయిదున్నర గంటలు

పొద్దున తొమ్మిదిన్నరకు శోభ షట్టర్ ఎత్తుతుంది. ఊడ్చి, గడప మీద నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించి, అప్పుడు కంప్యూటర్ మీట నొక్కుతుంది. దేవరుప్పుల బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ చిన్న దుకాణంలో దరఖాస్తులు, ఫొటోలు, పెళ్లిపత్రికలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తాయి.

ఆ డబ్బాలో రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో విండోస్. వేలిముద్ర మిషన్ దానితోనే పనిచేస్తుంది కాబట్టి దరఖాస్తులన్నీ అందులోనే. రెండోదాంట్లో లైనక్స్, విండోస్ వైరస్‌లు అంటని వేరే ఏర్పాటు. పెళ్లిపత్రికల కోసం జనం తెచ్చే పెన్ డ్రైవులు ఎక్కడెక్కడి వైరస్‌నో మోసుకొస్తాయని, వాటిని ఇందులో మాత్రమే తెరుస్తుంది. ఆమెకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన వెంకట్రాం సారు తన పాత కంప్యూటర్‌లోంచి ఈ డిస్కు ఊడదీసి తెచ్చి బిగించాడు. లైనక్స్ ఎక్కించే ముందు మొదటి డిస్కు తీగ పీకి పక్కన పెట్టాడు.

"రెండూ తగిలిచ్చి ఎక్కిస్తే దీని సామాను కొంత దాంట్ల వడ్తది బిడ్డా. రేపు అది చెడితే ఇది గూడ లేవదు. వేరు కాపురం అన్నంక పొయ్యి గూడ వేరే ఉండాలె" అన్నాడు.

అప్పటినుంచి మీట నొక్కగానే ఎఫ్ పన్నెండు కొట్టి, ఏ డిస్కు లేవాలో శోభే చెబుతుంది.

చిక్కల్లా గడియారంతో. డిస్కులు రెండైనా డబ్బాలో గడియారం ఒక్కటే. లైనక్స్ దాన్ని గ్రీనిచ్ వేళకు తిప్పి పెడుతుంది, తర్వాత లేచిన విండోస్ అదే మన వేళ అనుకుంటుంది. అందుకని లైనక్స్ నుంచి విండోస్‌కు మారినప్పుడల్లా శోభ దుకాణంలో కాలం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. గడప లోపలి ఎండ జరుగుతుంది. లోపలున్నవాళ్లు తిన్న అన్నం తిననట్టే అయి మళ్లీ ఆకలేస్తుంది. ఆ నడుమ పంపిన దరఖాస్తులు పంపనట్టే అవుతాయి. గడప అవతల లోకం ఎక్కడిదక్కడే. ఓ గంటకు నెట్ అసలు వేళను పట్టుకొస్తుంది గాని, చెరిగిన పని మాత్రం తిరిగి రాదు.

ఒకసారి ద్వాళి అవ్వ నున్నగా తల దువ్వుకుని ఫొటోకొచ్చి కూర్చుంటే, తిప్పగానే జుట్టంతా నిద్ర లేచినప్పటిలా రేగిపోయింది. ఆ తిట్లు పడ్డాక శోభ ఒక పద్ధతి పెట్టుకుంది. పెన్ డ్రైవుల పని పొద్దున్నే, ఒక్క దరఖాస్తూ పోకముందే. "ఎనక్కి పోతున్న, బయట నిలవడుండ్రి" అని కేకేస్తే అందరూ రోడ్డు మీదికి పోయి నిలబడతారు. లైనక్స్‌లో ఒక్క వరుస మార్చి రాస్తే గడియారం కుదురుతుందని సారు చెప్పాడు గాని, ఉండనీ సారూ, ఎవలకేం అడ్డమొచ్చింది అన్నారు జనం.

అక్టోబరులో నర్సింగ్ సీట్ల దరఖాస్తుకు ఆఖరి రోజు వచ్చింది. గడువు సాయంత్రం అయిదు. తండా నుంచి ప్రియ పొద్దున పదింటికే వచ్చి కూర్చుంది, వట్టి చేతులతో. సర్టిఫికెట్లన్నీ ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నాయి, పెట్టె తాళంచెవి తండ్రి తుల్సీరాం మొలతాడుకు ఉంది, తుల్సీరాం తెల్లారకముందే పత్తి బండితో జనగామ మార్కెట్‌కు పోయాడు. ముందురోజే చెప్పింది ఆమె. శోభ దుకాణంలో యాళ్లకేం కరువు, నేనొచ్చినంక ఎనక్కి తిప్పుతది అన్నాడాయన. తండాలో సగం మందికి ఆ ధీమా ఉంది. ఈ యేడు తప్పితే తల్లితోపాటు మిరపకాయ కోతల కూలికి పోవాల్సిందేనని ప్రియకు తెలుసు. ఫోన్ చేసినప్పుడల్లా వస్తున్ననే అన్నాడు.

అయిదూ ఇరవైకి తుల్సీరాం ఆటో దిగాడు, ఇంటికి పోయి తెచ్చిన పెట్టె చంకలో పెట్టుకుని. ప్రియ ఏడుపు కూడా ఆపేసి ఊరికే కూర్చుంది. గడువు ముగిసిందని తెర మీద రాసి ఉంది.

"ఏం గాదు. తిప్పు బిడ్డా" అన్నాడు తుల్సీరాం చెమట తుడుచుకుంటూ.

శోభ కుర్చీలోంచి లేవలేదు. "పన్నెండు కొట్టినకాంచి పంపినయన్ని ఎనక్కొస్తయి కాకా. మూడు నేను మల్ల పంపుకుంట, కాగితాలు నా తాననే ఉన్నయి. కట్టయ్య మామది ఎట్ల? ఆయన వేలు నేనేడికెంచి తేవాలె?"

కట్టయ్య బయట బల్ల మీద బస్సు కోసం చూస్తున్నాడు. పాసుబుక్కులో తప్పుపడ్డ పేరు సరిచేయించుకోవడానికి నెల రోజులుగా తిరుగుతున్నాడు. ఏండ్ల తరబడి నాగలి పట్టిన వేళ్ల మీద గీతలు మిగల్లేదు. ఆ మధ్యాహ్నం పంతొమ్మిదోసారికి మిషన్ ఆయన బొటనవేలిని ఒప్పుకుంది.

తుల్సీరాం ఈ దుకాణంలో వేళ ఊరికే దొరుకుతుందనుకున్నాడే గాని, అది ఇంకొకరి పగటిలోంచి పోతుందని ఆయనకు ఏనాడూ తట్టలేదు. పెట్టె కింద పెట్టి కట్టయ్య ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా తుల్సీరాం, తాళంచెయ్యి మొలకు కట్టుకొని పోతివి. పిల్లను గూడ పత్తి మీద కూసోవెట్టుకొని పోతే అయిపోవు గద" అన్నాడు కట్టయ్య. తర్వాత ప్రియ వైపు తిరిగాడు. "ఏం సదువుతవు బిడ్డా?"

"నర్సింగ్, తాతా."

"సూది నొయ్యకుంట ఇస్తవా?"

ప్రియ ఆయన వేళ్ల వైపు చూసింది. "నేర్చుకుంట."

కట్టయ్య తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "తిప్పు శోభా. వేలు యాడికి పోతది, నా తాననే ఉంటది. బస్సే పోతది."

అందరూ రోడ్డు మీదికి వెళ్లారు. శోభ లైనక్స్ లేపింది, ఆర్పింది, మళ్లీ ఎఫ్ పన్నెండు కొట్టి విండోస్ లేపింది. రోడ్డు మీద పొద్దు వాలుతుంటే గడప లోపల మిట్టమధ్యాహ్నపు ఎండ పడింది. తెర మూలన పదకొండు యాభై. తుల్సీరాం గడప బయట నిలబడి ఒక్కో సర్టిఫికెట్టూ అందించాడు, లోపలికొచ్చిన ప్రియ అందుకుంది, శోభ స్కాన్ చేసింది. కులం, ఆదాయం, ఇంటర్ మార్కులు. ఆదాయం కాగితం రెండుసార్లు వంకరగా వచ్చింది. ముప్పావు గంట అయ్యేసరికి ఎండ అంచులు మసకబారడం మొదలైంది. శోభ ఆఖరి మీట నొక్కి చేయి తీయలేదు. దరఖాస్తు నంబరు తెర మీదికి వచ్చింది. ప్రియ దాన్ని పైకి చదివింది, మళ్లీ చదివింది. మూడోసారి చదువుతుండగానే గడప లోపల కూడా సాయంత్రం అయిపోయింది.

శోభకు అప్పుడు తెలిసింది తను మధ్యాహ్నం అన్నం తిననట్టేనని. తుల్సీరామే పోయి అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. బజ్జీలు తిని చేతులు కడుక్కున్నాక కట్టయ్య వేలు నాలుగోసారికే పడింది. మధ్యాన్నంకన్న నయమే అన్నాడాయన. బస్సు నిజంగానే పోయింది. తుల్సీరాం ఆయన్ని ఆటోలో ఇంటిదాకా దింపి వచ్చాడు.

నెల తిరక్కుండానే ప్రియకు భూపాలపల్లిలో సీటు వచ్చింది. చేరాల్సిన రోజు తండ్రీబిడ్డలు కాలేజీ గేటు ముందు దిగేసరికి ఇంకా సరిగ్గా తెల్లారలేదు. వాచ్‌మన్ కండ్లు నులుముకుంటూ వచ్చి, తెరిచేది పదింటికైతే ఇంత పొద్దుగాల ఎందుకొచ్చారని అడిగాడు.

"ఈడ మా శోభ లేదు గదన్నా" అన్నాడు తుల్సీరాం. భుజం మీది తువ్వాల తీసి అరుగు మీద బిడ్డకు పరిచాడు. "నువ్వు పో అన్నా, పండుకో. మేం కూసుంటం."