కడుపులోని కళాయి

ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు మా వాకిట్లో గుంత తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేస్తున్నాడు. పక్కనే పీట వేసుకుని మా అత్త విశ్వాసమ్మ కూర్చుంది. మర్నాడు శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. పొద్దుగూకి ఉపవాసం విడిచాక చర్చి సంఘమంతా మా ఇంట్లోనే తింటుంది. చింతపండు పులుసు కాచే పెద్ద ఇత్తడి గుండిగను తోమి సాయిబు ముందు పెట్టింది నేనే.

"అడుగున శానా పోయింది సాయిబూ, బాగా పట్టించు. ఒట్టి ఇత్తడిలో పులుసు కాస్తే కిలుము దిగుతాది" అంది అత్త.

"యుద్ధమొచ్చినాక తగరం యాడా దొరకల్యా అమ్మా."

"ఉన్నకాడికి పుయ్యప్పా. పులుపు మోసే గుండిగ. దాన్నట్లే ఒదిలేస్తే ఎట్లా?"

ఆ మాట వింటూ పొట్ట పట్టుకుని గడపలో కూలబడ్డాను. రేపటి ప్రార్థన నా కడుపు కోసమే.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నేను అందరికన్నా చివరనే తిన్నాను. మామ, మరుదులు, మిషను బడి పంతులైన నా మొగుడు ఏసేపు, వచ్చే పోయే సువార్తికులు, ఆ తర్వాత అత్త. నా వంతుకు కుండ అడుగున మాడిన సంగటి, రోటికి అంటుకున్న ఊరిబిండి పచ్చడి. ఆ కారాన్నే నీళ్లతో మింగేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి ఆకలికి తాళలేక ముందే ఒక ముద్ద తీసుకుంటే, "మగోళ్లు తినకముందే కుండలో చెయ్యి పెడ్తావా? మీ అమ్మ ఇదేనా నేర్పింది?" అంది అత్త. ఆమె కూడా కోడలిగా ఉన్నప్పుడు ఆ మాట పడే ఉంటుంది. అయినా నాకు మండింది. మండిందని చెప్పుకునే చోటు లేక, ఆ మంటను కూడా మింగాను.

పోయిన నెల బావి దగ్గర నల్లగా వాంతి చేసుకుని పడిపోతే ఓర్వకల్లు నుంచి కర్నూలుకు బండి కట్టారు. మదరాసులో చదివొచ్చిన డాక్టరమ్మ జీవమ్మ నా పొట్ట నొక్కి చూసి, మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పింది. కడుపులో మాంసాన్ని కరిగించేంత పులుపు ఊరుతుందట. కడుపు కూడా మాంసమే కదా, మరి అదెందుకు కరిగిపోదంటే, లోపలి గోడకు పల్చని జిగురు పూత ఉంటుందట. ఆ గోడలో ఉండే, కంటికి ఆనని కణాలే ఆ జిగురును ఊరిస్తాయి. అవి అరిగి రాలిపోతుంటే కింది నుంచి కొత్తవి వస్తుంటాయి.

"గుండిగకు కళాయి మాదిరేనా అమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "అదే. కాకపోతే ఇది నీ ఒళ్లు తనకు తానే పూసుకుంటాది. దానికి తిండీ నిద్రా ఉండాల. నీకు పూత పోయి గోడ పుండయింది. పొద్దున్నే మెత్తగా ఏదన్నా తిను. కొంచెం కొంచెంగా మళ్లీ మళ్లీ తిను. కారం ముట్టొద్దు. పస్తులుండొద్దు. చిల్లు పడిందంటే నా చేతుల్లో కూడా ఉండదు."

తలుపు దగ్గర నిలబడి నా మొగుడు అంతా విన్నాడు. విన్నవాడే ఆదివారం గుళ్లో లేచి, నా స్వస్థత కోసం ఉపవాస ప్రార్థన పెడుతున్నామని చెప్పాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట చెబుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు కూడా. అందుకే నాకు మరీ కోపం వచ్చింది.

"డాక్టరమ్మ పస్తులుండొద్దనింది కదా" అన్నాను ఇంటికొచ్చాక.

"నీ కోసం ఊరంతా పస్తుంటే నువ్వు తింటావా? నా మొగం యాడ పెట్టుకోవాల?"

శుక్రవారం తెల్లారినప్పటి నుంచి పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా పిండి విసిరాను, కట్టెలు మోశాను, పులుసు పొయ్యి మీద పెట్టాను, సంగటి కెలికాను. ముందరి పడసాలలో అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. "తండ్రీ, మా కోడలి కడుపును ముట్టయ్యా" అని అత్త ఏడుస్తోంది. అది దొంగ ఏడుపు కాదు. ఇక్కడ పొయ్యి ముందు నా కడుపులో ఎవరో కొరివి పెట్టి తిప్పుతున్నట్టుంది. ఎదురుగా గుండిగలో పులుసు ఉడుకుతోంది. పైన పులుసు తగలని చోట కొత్త కళాయి తెల్లగా మెరుస్తోంది. ఆ గుండిగ మీద అత్త చూపిన శ్రద్ధ తలుచుకుని నాకు ఏడుపొచ్చింది.

గిన్నెలో సంగటి వేసి, పాలు పోసి, మెత్తగా పిసికాను. పొయ్యి చాటున కూర్చుని తినొచ్చు, ఎవరూ చూడరు. కానీ అట్లా తింటే దొంగతిండి అవుతుంది, రేపు మళ్లీ చాటు వెతుక్కోవాలి. గిన్నె తీసుకుని పడసాలలోకి వచ్చి, చాప చివర కూర్చున్నాను.

మొదటి ముద్దకే అత్త కళ్లు తెరిచింది. "ఏమ్మే! ప్రార్థన జరుగుతాంటే తింటాండావా?"

ఏసేపు పళ్లు బిగించి, "లోపలికి పో" అన్నాడు.

"నా కడుపు కోసమే కదా ఈ ప్రార్థన. ఆ కడుపుకే పెట్టుకుంటాండా. రేపూ ఇట్లే తింటా, మీకు వడ్డించకముందే."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ మాట నాకు నేనే అనుకుని, రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.