అనుమతి లేకుండా కదిలిన కిటికీ

పొద్దున లేవగానే ఆ ఇంటి కోడలు చేసే మొదటి పని వంటింటి కిటికీ ఎక్కడుందో వెతుక్కోవడం. పొయ్యి, టీ, కుట్టుమిషను అన్నీ ఆ తరవాతే. ఇంట్లో మిగతా కిటికీలు బుద్ధిగా ఉన్నచోటే ఉండేవి. దీనికి మాత్రం కాలు నిలవదు. ఆమె మొగుడు చిన్నప్పుడు పరీక్షలకు చదువుకుంటుంటే వెనకగదిలోకి వెళ్ళి పుస్తకం మీద వెలుతురు పడేలా నిలబడేదట. అత్తగారు వంట చేస్తున్నంతసేపూ పొయ్యి పక్కనుంచి కదిలేది కాదట. కాలనీలో దీన్నెవరూ వింతగా చూడలేదు. మహా అయితే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "మీ కిటికీ ఇవాళ దొడ్డివైపుంది. మబ్బేసింది, గట్టిగా వేసుకో" అని హెచ్చరించేది.

ఎన్ని తిరుగుళ్ళు తిరిగినా అది ఇంటి ముందువైపుకి మాత్రం ఎప్పుడూ రాలేదు. ముందువైపు సంఘం వాళ్ళది. ఆ కాలనీలో ప్రతి ఇంటి ముందుగోడకీ ఒక తలుపు, ఒక దీపం, మీగడరంగు సున్నం. అంతే! గడప పక్కన పూలకుండీ పెట్టాలన్నా అర్జీ రాసుకోవాలి. సంఘం అధ్యక్షుడు ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని వరసలో నిలబెట్టీ నిలబెట్టీ, ఉద్యోగం అయిపోయాక ఇళ్ళమీద పడ్డాడు.

మావగారు బస్సు డ్రైవరు. జీవితమంతా రోడ్డు మీదే గడిపిన మనిషి స్నానాలగదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది. ఇంక లేచి నడవాలని డాక్టరు చెప్పాడు. పెద్దాయన లేవలేదు. ముందుగదిలో మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముందు మాటలు తగ్గాయి, తరవాత తిండి తగ్గింది. కోడలు బతిమాలితే ఒక ముద్ద, గట్టిగా అంటే అదీ లేదు. "ఇలాగే ఉంటే ఎంతో కాలం ఉండడమ్మా" అని డాక్టరు వెళ్ళేటప్పుడు వాకిట్లో గొంతు తగ్గించి చెప్పాడు. కోడలు పుట్టింట్లో తండ్రిని చూసిన గుర్తే లేని పిల్ల. నాన్న అంటే ఆమెకి ఈయనే.

ఆ మర్నాడు కిటికీ వంటింట్లో లేదు. ముందుగదిలో, మంచం పక్కన, సరిగ్గా పెద్దాయన మొహానికెదురుగా నిలబడి ఉంది. అవతల రోడ్డు, రోడ్డుకవతల బస్టాపు.

"చూడు, చూడు! బ్రేకు ఎలా తొక్కాడో సన్నాసి! లోపల మనుషులున్నారా, ఇసకబస్తాలున్నాయా?" అని పెద్దాయన అరిచాడు. అరిచి, ఆయాసపడి, ఇన్ని టీనీళ్ళిమ్మన్నాడు. కోడలు వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజునుంచి వచ్చేపోయే ప్రతి బస్సునీ తిడుతూ ఆయన తినడం మొదలుపెట్టాడు. తిట్టుకో ముద్ద.

అంతలో సంఘంనుంచి నోటీసు రానే వచ్చింది. ముందుగోడకి కన్నం ఉంది, మూయించాలి, లేకపోతే మేమే మూయిస్తాం అని.

"నువ్వే వెళ్ళి మాట్లాడు" అన్నాడు మొగుడు. "ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి. మాస్టార్ని చూస్తే ఇప్పటికీ నాకు చేతులు వాటంతటవే చాచుకుంటాయి, బెత్తం దెబ్బకి."

ఆమే వెళ్ళింది. మాస్టారు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"కిటికీ కదిలిందని కాదమ్మా నా బాధ. కదలడం దాని స్వభావం. అనుమతి లేకుండా కదిలిందే, అదీ తప్పు."

"దానికి కదలడం వచ్చుగానీ అర్జీ రాయడం రాదు కదండీ మాస్టారూ!"

"దాని తరఫున నువ్వు రాయి. వచ్చి చూస్తాం. ఇవాళ మీకు కిటికీ ఒప్పుకుంటే రేపు ఇంకోడు మేడ అంటాడు. చూసేదాకా మాత్రం ఏమీ చెప్పలేను."

ఆమె రాసిచ్చింది. కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, వీధి ఈ చివరనుంచి ఆ చివరకి తాడు లాగి, రోడ్డుకవతల నిలబడి, ఒక కన్ను మూసి చూస్తారు. చూశారు. మీగడరంగు వరసలో ఒక్క కిటికీ, తలవంచిన క్లాసులో తలెత్తి చూస్తున్న పిల్లాడిలా కనబడింది.

"కుదరదమ్మా" అన్నాడు మాస్టారు. తాపీమేస్త్రీ ఇటుకలతో సహా వచ్చే ఉన్నాడు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. అది మూస్తే ఆయన ఉండడు. కిటికీ కాదండీ నేనడిగేది, మనిషిని అడుగుతున్నాను!" ఆమె గొంతు వీధంతా వినబడింది. మాస్టారు తాడు చుట్టుకుంటూ తలొంచుకున్నాడు గానీ, మాట మార్చుకోలేదు.

లోపల పెద్దాయన విన్నాడు. విని మెల్లిగా గోడవైపు తిరగబోయాడు. అప్పుడే కిటికీ ఒక జానెడు పక్కకి జరిగింది.

"ఏయ్!" అన్నాడు ఆయన. బస్టాపు సగమే కనబడుతోంది. మెడ చాచాడు. అది ఇంకాస్త జరిగింది. "అమ్మాయ్! బస్సు వచ్చే వేళైంది, దీన్ని ఆగమను!"

"నా మాట వింటుందా మావయ్యా" అంటూ కోడలు లోపలికి పరిగెత్తుకొచ్చింది. వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పెద్దాయన మంచం దిగి ఉన్నాడు. ఒక చెయ్యి మంచంకోడు మీద, ఒక చెయ్యి కుట్టుమిషను మీద. "ఆగవే, ఆగు! డ్రైవరు ఎక్కకుండానే బయల్దేరతావా, నీ దుంపతెగ!" కిటికీ గోడవెంబడి వెళ్తోంది, ఆయన దాని వెంబడి వెళ్తున్నాడు. పట్టుకుందామని ఆమె చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

కిటికీ తలుపు మీదుగా దాటింది, మూల తిరిగింది, వంటింటివైపు వెళ్ళి తన పాతచోట కూర్చుంది. ముందుగోడ మళ్ళీ నున్నగా, మీగడలా ఉంది. పెద్దాయన మాత్రం తెరిచిన గుమ్మంలో నిలబడిపోయాడు. ఎదురుగా రోడ్డు, ఈ చివరనుంచి ఆ చివరదాకా మొత్తం.

మాస్టారు తాడు పారేసి పరిగెత్తుకొచ్చి భుజం ఇచ్చాడు. "లెఫ్ట్... రైట్... నెమ్మదిగా... లెఫ్ట్..."

"నాకు నేర్పుతావేమిటయ్యా! క్లచ్ మెల్లిగా వదలాలి, అంతే."

మెట్ల దగ్గర ఇద్దరూ తూలారు. మాస్టారు ఆసరాకోసం గోడ తడిమాడు. "ఇక్కడ పట్టుకోవడానికి కడ్డీ ఏదమ్మా?"

"ముందువైపు ఏమీ పెట్టకూడదన్నారు కదండీ" అంది కోడలు.

మాస్టారు కమిటీవైపు చూశాడు. కమిటీ మాస్టారువైపు చూసింది. "మంజూరు!" అన్నాడు ఆయన, మైదానంలో విజిలేసినంత గట్టిగా. "ఏం మేస్త్రీ, ఇటుకలు చాలించు. ఇనపకడ్డీ తీసుకురా. అర్జీ సంగతి నేను చూసుకుంటాను."

అంతలో బస్సొచ్చి ఆగింది. నడిపే కుర్రాడు కిందికి వంగి చూసి, మొహం ఇంత చేసుకుని, "గురువుగారూ! లేచారా! ఎక్కుతారా?" అని అరిచాడు.

పెద్దాయన మాస్టారి భుజం మీద బరువంతా వేసి, బస్సుని టైర్లనుంచి టాపుదాకా ఒకసారి చూశాడు.

"ఇవాళొద్దు. రేపొస్తాను" అన్నాడు.

కోడలు ఆ మెట్టు మీదే కూలబడి, చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా, నవ్వుతూ వెక్కివెక్కి ఏడ్చింది.