బానెట్ కింద ఇంజన్

"నీ డబ్బా కంప్యూటర్ చెత్తలో పారెయ్. తప్పు నా బొమ్మల్లో లేదు," అన్నాడు ఎర్రోల్, వాకిట్లో బూట్లయినా విప్పకుండా లోపలికొస్తూ.

గ్లెనిస్ తల తిప్పలేదు. తెర మీద ఆమె విమానం వారూనా రన్‌వే మీదికి దిగుతోంది. దిగడం కాదది, గాల్లో బిగుసుకుపోయి, గింజుకుని, గభాలున ముందుకి దూకుతోంది. కంప్యూటర్ ఫ్యాను రొద పెడుతోంది.

ఆస్ట్రేలియాలోని క్విల్పీ ఊరి చుట్టూ ఉన్న పెద్ద పశువుల క్షేత్రాలకి ఏళ్ల తరబడి తపాలా విమానం నడిపిన మనిషి గ్లెనిస్. మోకాళ్లు పోయాక, కంప్యూటర్లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ పట్టుకుంది. మూతపడిన వారూనా విమానాల స్ట్రిప్‌ని అందులో మళ్లీ కట్టి, అడిగినవాళ్లందరికీ ఊరికే ఇవ్వాలని ఆమె కోరిక. నేల, రన్‌వే ఆమె పని. షెడ్లూ, ట్యాంకులూ, బండ్లూ బొమ్మలుగా చెయ్యడం ఎర్రోల్ పని. అతడిది కొత్త యంత్రం. ఆమెదీ, ఆ చుట్టుపక్కల చాలామందిదీ పాతవే.

"షెడ్డు రేకు రేకుకీ వేరే ఫొటో అతికించావు," అంది గ్లెనిస్. "అన్నీ కలిపి ఒక్క ఫొటోలో సర్దాను. దూరంగా ఉన్న గడ్డి పీకేశాను. అయినా విమానం సరిగ్గా కదలదే!"

"నన్నడక్కుండా ముట్టుకున్నావా?"

"నిన్నడిగితే పని తెములుతుందా?"

అతడు చూస్తుండగానే ఒక్కొక్క బొమ్మా తీస్తూ పోయింది. ట్యాంకు తీస్తే మార్పు లేదు. షెడ్డు తీస్తే కాస్త తేలికైంది. షెడ్డు పక్కన నిలిపిన పచ్చ పికప్ ట్రక్కు బండిని తీసేసరికి విమానం నున్నగా జారి నేలని తాకింది.

ఆ బండిని విడదీసి చూసింది. బానెట్ కింద ఇంజనంతా ఉంది, బోల్టులతో సహా.

"ఈ బానెట్ తెరుచుకోదు కదా! ఎవడు చూడాలని ఇదంతా?"

"ఎవడూ చూడక్కర్లేదు. కెల్విన్ బిగించిన ఇంజనది. అక్కడుందని నాకు తెలుసు."

కెల్విన్ అతడి తమ్ముడు. ఆ బండితోనే వరదలో కొట్టుకుపోయాడు. మర్నాడు విమానంలోంచి ఆ బండిని చూసింది గ్లెనిసే. మౌస్ మీద ఆమె చెయ్యి ఆగింది. కానీ నోరు ఆగలేదు.

"పోయినవాడి కోసం ఉన్నవాళ్లని దిగనివ్వవా?"

"నువ్వు ముందు రోజే వెతకడానికి ఎగిరుంటే వాడు పోయేవాడే కాదు. భయపడ్డావు."

"ఆ గాలివానలోనా? నడు బయటికి!"

"పోతా. నా బొమ్మ ఒక్కటి వాడినా ఊరుకోను," అంటూ తలుపు విసిరికొట్టి వెళ్లాడు.

ఆమె అన్నీ మళ్లీ కట్టుకుంది. షెడ్డుకి బయటి గోడలు మాత్రమే పెట్టింది. వద్దనుకుంటూనే పచ్చ బండినీ చేసింది: దూరానికి ఉత్త పెట్టె, దగ్గరికొస్తే చక్రాలూ తలుపులూ. ఇంజన్ లేదు. ఇంటర్నెట్లో పెడితే, పాత కంప్యూటర్లలో వారూనా హాయిగా నడిచింది. దాని కింద మెచ్చుకున్నవాళ్ల మాటల మధ్య ఎర్రోల్ ఒక్క ముక్క రాశాడు: "ఇది మా తమ్ముడి బండి కాదు."

దాన్ని చెరిపేసే వీలున్నా ఆమె చెరపలేదు.

వారం తర్వాత బేకరీలో ఎదురుపడ్డాడు.

"బాగానే నడుస్తోంది, చూశావా?" అంది, గొంతులో పొగరు దాచుకోకుండా.

"చూశాను. నీలాగే, లోపల ఏమీ లేదు," అన్నాడు.

కౌంటర్ వెనకమ్మాయి సాస్ కావాలా అని రెండుసార్లు అడిగింది. గ్లెనిస్ వద్దని తలూపి, మాంసం కూరిన వేడి 'పై' రొట్టె సంచీ పట్టుకుని, అతణ్ణి భుజంతో తోసుకుంటూ బయటికి నడిచింది.