సన్యాసమ్మ అర్జీ

సన్యాసమ్మ పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్న చెరకు భూమిని తనకే ఉంచమని కోరుతూ, 1957లో చోడవరం ఇంగ్లీషు మాస్టారు వేంకటరమణమూర్తి తాసిల్దారుకు అర్జీ రాసిపెట్టారు. బడికి వేళవుతోందని తొందరలో ‘హేవ్ బీన్ కల్టివేటింగ్’ అనాల్సిన చోట ‘హేవ్ కల్టివేటెడ్’ అని రాసేశారు.

నెల తిరక్కుండా అర్జీ తిరిగొచ్చింది. సాగు ముగిసిందని అర్జీదారే చెప్పుకున్నందున తోసిపుచ్చారు.

“ఏటి బాబూ, ఏటి రాసేరు ఇందులో?” అంది సన్యాసమ్మ.

ఆ రెండింటి తేడా ఆయన అప్పటికి ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. “తాసిల్దారుగారు సరిగ్గా చదవలేదమ్మా” అన్నారు.

“పోన్లెండి, మీరేటి సేస్తారు? నా కోసం కష్టపడ్డారు” అని, తెచ్చిన బెల్లం దిమ్మ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ బెల్లాన్ని ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు మాస్టారు. మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్లారు. ఆమె చెరకు ఆకు దూస్తోంది.

“తప్పు నాదే సన్యాసమ్మా. ఇంకా చేస్తన్నావని రాయాలి. చేసీసేవని రాసేను. నిన్న నీతో అబద్ధం కూడా ఆడేను.”

ఆమె చేతిలోని ఆకు పక్కన పడేసింది. “అయితే ఆ మాట తాసిల్దారుగారి ముందర సెప్పండి” అంది.

మాస్టారు తాసిల్దారు కచేరీలో అందరి ముందూ చెప్పారు. కొత్త అర్జీ తీసుకున్నారు, కౌలు నిలిచింది. ఆ తర్వాత ఏ కాగితమైనా సన్యాసమ్మ అనకాపల్లి వెళ్లే రాయించుకునేది. మాస్టారు ఆమెను ఎన్నడూ తప్పుపట్టలేదు.