మా ఆవిడ చేతిపని

నల్లమట్టి ముద్దను గాజుసీసాతో పలచగా ఒత్తి, దానిమీద బంగారు రేకు పరిచి, ఇంకోసారి సీసా దొర్లించాడు డ్రైవరు. రేకు సన్నగా నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోంచి నలుపు ఎంత కనిపించాలో అతని చేతికి తెలుసు. మరో ముక్కమీద పాత జాకెట్టు లేసును నొక్కి తీసి, ఉబ్బెత్తుగా లేచిన పూలమీద మాత్రం వేలికొసతో రాగిపొడి అద్దాడు. గేరు రాడ్డు పట్టి పట్టి కాయలు కాసిన వేళ్లవి. వాటికింత నాజూకు ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు.

బస్సు నడిపినంతకాలం అతను హారన్ కొడితే లారీలు కూడా పక్కకు తప్పుకునేవి. మోకాళ్లు అరిగి ఇంట్లో కూలబడ్డాక, మేనకోడలు వదిలేసి వెళ్లిన పాలిమర్ క్లే అనే రంగుల బంకమట్టి ప్యాకెట్టుతో కాలక్షేపానికి మొదలైంది ఈ పని. అమ్మకానికి తీసుకెళ్లిన కమ్మలు చూసి ఫ్యాన్సీ షాపాయన మొదటిసారి "ఎవరు చేశారండీ?" అని అడిగినప్పుడు నోట్లోంచి "మా ఆవిడ" అని వచ్చేసింది. ఇంత మీసాలు పెట్టుకుని చెవికమ్మలు చేస్తున్నాడంటే టీ కొట్టు దగ్గర పాత డ్రైవర్లు ఊరుకుంటారా? చేతికి గాజులు కూడా తొడిగి పంపుతారు. అప్పటినుంచి బజారుకు వెళ్లే ముందు గోళ్లలో పొడి పోయేదాకా సబ్బుతో రుద్దుకోవడం అలవాటైంది.

భార్య వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గుండెల్లో బరువుగా ఉందని ఆవేళ స్కూలు ఆఫీసుకు సెలవు పెట్టింది.

"ఏమండీ, రేపు టీచర్లందరి ముందూ నన్ను కమ్మలు చేసి చూపించమంటున్నారు. నాకు బొత్తాం కుట్టడమే సరిగ్గా రాదు, నేనేం చూపించను?"

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"ఎన్నాళ్లు చెప్పను? వాళ్లు మెచ్చుకుంటుంటే దొంగసొమ్ము దాచుకున్నట్టు నేను తల దించుకోవాల్సి వస్తోంది. చేసేది మీరేనని చెప్పుకుంటే పోయేదేముంది? ఇవాళే షాపాయనకి చెప్పండి."

భర్త చేసిన కమ్మలు ఆమె ఒక్కసారీ పెట్టుకోలేదు. అవి తను చేసినవేనని ఆయన నలుగురిలో ఒప్పుకున్న రోజే పెట్టుకుంటానని భీష్మించుకు కూర్చుంది. ఆమెకోసం చేసిన నీలం జత అద్దం ముందు అలాగే పడి ఉంది.

"సరే, చెప్తాలే" అన్నాడు. లేసు పూల ముక్కను కమ్మల జతగా కోసి, దుమ్ము పడకుండా వంటగట్టుమీదే గ్లాసు బోర్లించాడు. ఈ మట్టితో అదొక సుఖం. ఓవెన్‌లో కాలితే తప్ప గట్టిపడదు, ఎన్నాళ్లయినా ఆగుతుంది.

దారంతా మాట కూడగట్టుకున్నాడు. షాపులో ఇద్దరాడవాళ్లు అతని కమ్మలే చెవులకు ఆనించి చూసుకుంటున్నారు.

"ఇదిగో, వీటిని చేసేది ఈయన భార్యే" అన్నాడు షాపాయన. "బంగారంలాంటి చెయ్యండీ ఆవిడది. మీరు మాత్రం ముట్టుకోకండి డ్రైవరుగారూ, మీ చేతుల్లో పడితే నుగ్గునుగ్గే!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, "అవునండీ, అంతా మా ఆవిడే" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె పడుకుని ఉంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు... మెచ్చుకున్నాడు."

ఆమె మొహం విప్పారింది. మెల్లగా లేచి నీలం జత పెట్టుకుని, అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "హమ్మయ్య, రేపు తలెత్తుకుని వెళ్తాను" అంది. అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె వైపు చూడలేక, టీ పెడతానని వంటగదిలోకి పారిపోయాడు. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ఆమె మళ్లీ పడుకుంది. ఎంత పిలిచినా లేవలేదు.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. వచ్చిన టీచర్లలో కొందరి చెవులకు అతని కమ్మలే ఉన్నాయి. షాపాయన కళ్లు తుడుచుకున్నాడు.

"తన చేత్తో చేసుకున్నవే పెట్టుకుని పోయింది మహాతల్లి."

"ఇంక అలాంటివి ఎక్కడా దొరకవు" అంది ఒక టీచరు.

డ్రైవరు నోరు తెరిచాడు. ఇప్పుడైనా ఆమె కోసం ఒక్క మాట చెప్పాలి. గుమ్మం దగ్గర పాత డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"దొరకవండీ" అన్నాడు. గోటి మూలలో ఎంత రుద్దినా పోని రాగిపొడి కనిపించకుండా పిడికిలి మూసుకున్నాడు.

వంటగదిలో, బోర్లించిన గ్లాసు కింద, లేసు పూల జత ఇంకా మెత్తగానే ఉంది.